మానసికారోగ్య సేవయు ప్రజా విరాళములును: చెన్నపట్టణపు రెండు సంస్థలు

మనోవ్యాధిగ్రస్తులకు ఆస్పత్రి గోడలకు వెలుపల, ఇండ్లయందును వీధులయందును పల్లెలయందును, చికిత్సయు పునరావాసమును కల్పించుటకై ప్రజలయొద్ద ధనము కూడబెట్టి నడపబడు సంస్థలలో చెన్నపట్టణమునందలి స్కార్ఫ్, బాన్యన్ అను రెండును దక్షిణ దేశమున ముఖ్యముగా పేర్కొనదగినవి. జాతీయ మానసికారోగ్య కార్యక్రమము 1982లోనే ఆరంభమై 1996లో జిల్లాలకు విస్తరించినను, మందులిచ్చి పంపుటతో ప్రభుత్వ వైద్యాలయముల పని చాలవఱకు ముగియుచుండుటచే, ఇల్లు చేరిన రోగి మాత్రలు మానకుండ కనిపెట్టియుండుట, అతనికి తగిన పని చూపుట, విసిగిపోయిన కుటుంబమునకు ధైర్యము చెప్పుట మొదలగునవి స్వచ్ఛంద సంస్థల పాలఁబడెను.

స్కార్ఫును 1984లో స్థాపించిన డాక్టర్ ఎం. శారదా మేనోన్, భారతదేశమున మనోవైద్య వృత్తి నవలంబించిన తొలి మహిళయని ప్రసిద్ధి. కీల్పాకమునందలి ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు 1961 మొదలు 1978 వఱకు అధ్యక్షురాలుగ నుండి పదవీ విరమణము చేసిన పిమ్మట ఆమె యీ కార్యమునకు పూనుకొనెను. స్కిజోఫ్రీనియా రోగుల చికిత్సయు పరిశోధనయు ఈ సంస్థకు ప్రధానోద్దేశములు. దీని సేవలలో మిక్కిలి విశిష్టమైనది పుదుక్కోట జిల్లాలో టాటా ధర్మనిధుల సాహాయ్యమున నడపిన బస్సు వైద్యశాల: చెన్నపట్టణమున కూర్చుండిన వైద్యుఁడు బస్సులోని తెరపై రోగిని చూచి మాటలాడి మందు నిర్ణయింపఁగా, ఆ బస్సులోనే అది ఉచితముగ లభించెడిది; స్థానికులే కొందఱు తర్ఫీదు పొంది రోగుల యిండ్లకు పోయి వారి క్షేమము విచారించెడివారు.

బాన్యన్ పుట్టుక వేఱు విధమైనది. వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అను ఇరువురు యువతులు, మతి చలించి వీధులఁ దిరుగాడు దిక్కులేని స్త్రీల దుస్థితికి కలఁతచెంది 1993లో దీనిని స్థాపించిరి. ముగప్పేరులోని 'అడైక్కలం' అను ఆశ్రయ గృహము దీని ప్రధాన కేంద్రము. మణిరత్నము దర్శకత్వమున చలనచిత్ర తారలు పాల్గొనిన 'నేట్రు ఇండ్రు నాళై' అను రంగస్థల ప్రదర్శనము ఈ సంస్థ సహాయార్థమే జరిగెను. బాన్యన్ ఏర్పడిన ఎనిమిదేండ్లకు, 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, గొలుసులతో కట్టఁబడియుండిన 28 మంది మనోరోగులు పాకలో అగ్నికాహుతియైన ఘోరము ఇట్టి దిక్కులేని రోగుల దుస్థితిపై దేశమంతటి దృష్టిని మరల్చెను. అడైక్కలమునకు చేరు స్త్రీలు అనేక రాష్ట్రములవారు. తెలుగు మాటలాడువారును వారిలో కలరు. కోలుకొన్న స్త్రీ నోట ఊరి పేరు మెల్లగా రాఁబట్టి, తోడు నిచ్చి రైలెక్కించి, ఆమెను బంధువులకు అప్పగించి వచ్చుట ఈ సంస్థ నిత్యకృత్యములలో నొకటి.

ఇట్టి నిత్యసేవలయందే విరాళముల అసలు చిక్కు కానవచ్చును. గుడికి గోపురము కట్టించుటకు వచ్చునంతమంది దాతలు నిత్యదీపమునకు నూనె పోయుటకు రారు. భవనముపై శిలాఫలకము నిలుచును, బస్సుపై పేరు వ్రాయవచ్చును; కాని నెలనెలా మాత్రలకును, సంఘసేవికల జీతములకును, రైలు టికెట్లకును పేరు చెక్కు తావెక్కడిది? మనోవ్యాధి పెక్కుమందికి ఏండ్ల తరబడి నుండునది. దాతృత్వమో తఱచుగా ఒక్క సంవత్సరపుది. చట్టములును ఈ వ్యత్యాసమును కొంత పెంచినవనియే చెప్పవలెను. 2013నాటి కంపెనీల చట్టముచే పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును సామాజిక కార్యములకు వెచ్చింపవలసియుండుటచే ఆరోగ్య సేవకు క్రొత్త ధనము లభించెను. అయితే 2021నాటి నియమములచే ఆ ధనముతో నడచు దీర్ఘ ప్రణాళిక ఆరంభించిన యేఁడు పోఁగా మూఁడేండ్లకు మించి సాగరాదు. సామాన్య దాత కిచ్చు ఆదాయపు పన్ను మినహాయింపు, అనఁగా 80జి రసీదు, క్రొత్త పన్ను విధానమున చెల్లదు. ఇఁక విదేశీ విరాళముల చట్టమునకు 2020లో చేసిన సవరణము, ఆ ధనములో కార్యాలయ వ్యయపు గరిష్ఠ పరిమితిని 50 శాతమునుండి 20 శాతమునకు తగ్గించుటయే గాక, ఒక సంస్థకు వచ్చిన విదేశీ ధనమును మఱియొక సంస్థకు పంచుటను నిషేధించెను. తత్ఫలితముగ, పట్టణమున పేరు మోసిన సంస్థ తన విదేశీ నిధులతో పల్లెలోని చిన్న సంఘమును పోషించు మార్గము మూసికొనిపోయెను.

ఇట్టి పరిస్థితులలో బాన్యన్ ఆరంభించిన 'హోమ్ అగెయిన్' అను పథకము విచారింపదగినది. చిరకాలము ఆశ్రయ గృహములయందే మిగిలిపోయిన నలుగురైదుగురు స్త్రీలకు సామాన్యుల వీధిలో నొక యిల్లు అద్దెకు తీసికొని, తోడుగ నొక సహాయకురాలిని ఉంచి, వంటయు బజారు పనియు ఇరుగుపొరుగుల స్నేహమును వారికి మరల అలవఱచుట దీని పద్ధతి. కెనడాలోని గ్రాండ్ ఛాలెంజెస్ కెనడా అను సంస్థ దీనికి ధనసాహాయ్యము చేసెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన సామాజిక మానసికారోగ్య మార్గదర్శకములలో దీనిని ఆదర్శప్రాయములైన సేవలలో నొకటిగ పేర్కొనెను. ఇంతటి ఖ్యాతి కలిగినను ఆ యిండ్ల అద్దె నెలనెలా చెల్లింపవలసినదే. తమిళనాడు ప్రభుత్వము 2018 మొదలుకొని జిల్లా ఆస్పత్రులయందు నిరాశ్రయ మనోరోగులకై కేంద్రములను నెలకొల్పి, వాని నిర్వహణమున బాన్యన్ మొదలగు సంస్థలను చేర్చుకొనుటచే, ఈ నిత్యవ్యయములో కొంత భాగము దాతలపైనుండి ప్రభుత్వ ఖజానాపైకి మరలుచున్నది.