తీపి మూత్రం నుండి గుండెపోటు వరకు: గోదావరి డెల్టా చెప్పే చరిత్ర

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిదప గోదావరి డెల్టా అన్నపూర్ణగా పేరు పొందింది. అంతకుముందు మన పూర్వీకులను వణికించినవి కరవు, కలరా, జ్వరాలు. పల్లెల్లో నేటికీ చాలామంది గుండె జబ్బును పట్నపు జబ్బుగానే ఎంచుతారు. ఆ నమ్మకం ఎంత తప్పో లెక్కలే చెప్పాయి.

హైదరాబాదులోని బైర్రాజు ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో ప్రతి మరణానికీ కారణం విచారించాయి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి బంధువులను అడిగి వివరాలు రాసుకోగా, వైద్యులు వాటిని పరిశీలించి కారణం నిర్ణయించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల సంభవించినవే. అంటురోగాల వాటా 12 మాత్రమే. ఇదే ప్రాంతంలో 20 గ్రామాలలో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించగా, నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది.

ఈ రెండు లెక్కలకూ సంబంధమేమిటి? 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనక ముందు ఎందరో మధుమేహ రోగులు స్పృహ తప్పి మరణించేవారు. ఇన్సులిన్ వారికి ఆయుష్షునిచ్చింది. ఆ పెరిగిన ఆయుష్షులో గుండె ధమనులు వారిని దెబ్బతీశాయి. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ పరిశోధన, మధుమేహులకు ఈ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువని 1979లో తేల్చింది. స్త్రీలకు సహజంగా ఉండే రక్షణను సైతం మధుమేహం హరిస్తుందని కూడా వెల్లడించింది.

కారణం విడమరచి చెప్పవచ్చు. రక్తంలో అధికమైన చక్కెర ధమనుల లోపలి పొరను గాయపరుస్తుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది, దానిపై రక్తం త్వరగా గడ్డకడుతుంది. అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది: మధుమేహం నరాలను కూడా మొద్దుబారుస్తుంది. అందువల్ల కొందరికి గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి తెలియదు. ఆయాసం, చెమటలు, అకారణమైన నీరసం మాత్రమే కనిపిస్తాయి. ఇంటివారు దానిని గ్యాస్ అనుకొని సోడా తాగించి పడుకోబెడతారు. అమూల్యమైన గంటలు గడిచిపోతాయి.

ఆనకట్ట మనకు అన్నం పెట్టింది. దోషం దానిది కాదు. కాలువ గట్లపై నడిచిన కాళ్లు మోటారు బండ్లెక్కాయి, దంపుడు బియ్యం పోయి మరపట్టిన తెల్లబియ్యం కంచాల్లోకి వచ్చింది, పొగాకు మాత్రం పోలేదు. కాబట్టి 30 ఏళ్లు దాటిన ప్రతివారూ చక్కెరతో పాటు రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా పరీక్షించుకోవాలి. మధుమేహుల ఇంట హఠాత్తుగా ఆయాసమో చెమటలో కనిపిస్తే తెల్లవారే వరకు ఆగక 108కి ఫోన్ చేయాలి.