రాయి కొట్టిందా, నిప్పు కాల్చిందా?

మా బంగారుపాళ్యం చుట్టుపక్కల బండలకు కొదవ లేదు. బావి తవ్వినా బండే, మామిడి చెట్టుకు గుంత తీసినా బండే. అయితే వాటిలో రాక్షసిబల్లి ఎముక దొరుకుతుందేమోనని వెతకడం మాత్రం దండుగ. మావి 250 కోట్ల సంవత్సరాలకు పైబడిన ముసలి రాళ్లు. అవి పుట్టేనాటికి లోకంలో ఎముక అనే వస్తువే లేదు. రాక్షసిబల్లులు అంతరించింది 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట. మా బండల లెక్కలో అది మొన్న మొన్నటి సంగతి.

ఆకాశం నుంచి రాళ్లు పడడం మాత్రం మా సీమకు కొత్త కాదు. 1814లో పాత చిత్తూరు జిల్లా గుర్రంకొండలో ఒక ఉల్క పడింది. ఉల్కకు అది పడిన ఊరి పేరు పెట్టడం శాస్త్రజ్ఞుల ఆచారం. ఆ విధంగా మన గుర్రంకొండ ప్రపంచ ఉల్కల పట్టికకెక్కింది. కోటను చూడబోయేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో! 1852లో నెల్లూరు సీమ యాటూరులో మరొకటి పడింది. ఇవన్నీ చిన్న రాళ్లు. ప్రపంచాన్ని తలకిందులు చేసిందని చెప్పే రాయి వేరే ఉంది.

దాని ఆచూకీ మొదట పట్టుకున్నది ఒక తండ్రీ కొడుకూ. తండ్రి లూయీ అల్వారెజ్, భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవాడు. కొడుకు వాల్టర్ భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఇటలీలో గుబ్బియో అనే ఊరి దగ్గర సున్నపురాళ్ల మధ్య వేలెడు మందం కూడా లేని బంకమన్ను పొరలో ఇరిడియం అనే లోహం ఉండవలసిన దానికి 30 రెట్లు ఉంది. భూమి పైపొరల్లో ఇది బహు అరుదు. ఉల్కల్లో దండిగా ఉంటుంది. సుమారు 10 కిలోమీటర్ల అడ్డం ఉన్న గ్రహశకలం భూమిని ఢీకొన్నదని 1980లో వాళ్లిద్దరూ, మరి ఇద్దరు సహచరులూ ప్రకటించారు. 'అయితే గుంత ఏదీ?' అని అందరూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1991లో దానికీ జవాబు వచ్చింది. మెక్సికోలో చిక్షులూబ్ అనే చోట నేలలో పూడిపోయిన గుంత అదేనన్నారు. అడ్డం సుమారు 180 కిలోమీటర్లు, అంటే చిత్తూరులో బస్సెక్కి బెంగుళూరులో దిగినంత దూరం! లేచిన ధూళీ మసీ సూర్యుణ్ణి కప్పేశాయి. చెట్లు మాడాయి, వాటిని తినేవి చచ్చాయి, వాటినీ తినేవి చచ్చాయి. జీవజాతుల్లో ముప్పాతిక వంతు పోయాయి.

ఇంతటితో దావా ముగిసిందనుకుంటే పొరపాటే. రెండో ముద్దాయి మన దేశంలోనే ఉన్నాడు. పడమటి కనుమల దిక్కున నేల పగిలి, లక్షల సంవత్సరాల పాటు విడతలు విడతలుగా లావా పొంగింది. అదే దక్కను లావా. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. ఆదిలాబాదులో పత్తి పండే నల్లరేగడి ఆ రాయి చివికి అయిందే. లావాతోపాటు వెలువడిన గంధకపు ఆవిర్లూ, బొగ్గుపులుసు వాయువూ గాలినీ సముద్రాన్నీ చెరిచాయని ఒక వర్గం వాదం. ఇది ఉత్త ఊహ కాదు. 25 కోట్ల సంవత్సరాల కిందట, ఇంతకంటే ఘోరమైన ప్రళయానికి సైబీరియా లావాయే కారణమని చాలామంది ఒప్పుకుంటారు.

ఈ దావాలో మన సాక్షి రాజమండ్రి. గోదావరికి ఇవతల కాతేరు, అవతల దేవరపల్లి దగ్గర దుద్దుకూరు, గౌరీపట్నం నల్లరాతి క్వారీలు. ఆ నల్లరాయి కూడా దక్కను లావాయే. రసాయన పరీక్షల్లో మహాబలేశ్వరం వైపు రాళ్లతో పోలిక కుదిరింది. నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి రాజమండ్రికి వచ్చినట్టే, ఆ లావా కూడా పల్లాలు వెతుక్కుంటూ వెయ్యి కిలోమీటర్లు పారి సముద్రం ఒడ్డుకు చేరింది. భూమ్మీద ఇంత దూరం పారిన లావా మరొకటి తెలియదు.

క్వారీ గోడ చూస్తే మూడు అంతస్తులు: కింద లావా, మధ్య సముద్రపు మట్టి, పైన మళ్లీ లావా. మధ్య పొరలో ఇసుక రేణువంతటి గవ్వలుంటాయి. ఫొరామినిఫెరా అనే సూక్ష్మ జీవుల గవ్వలవి. ఏ రకం గవ్వ ఏ కాలానిదో నిపుణులకు కంఠోపాఠం. గెర్టా కెల్లర్ అనే అమెరికా ప్రొఫెసరమ్మ, మన సునీల్ బాజ్‌పాయ్, ఇతరులూ 2008లో చెప్పిందేమంటే, కింది లావా మీద వెంటనే కనిపించే గవ్వలు ప్రళయం దాటిన వెంటనే పుట్టిన రకాలని! అంటే కింది లావా చల్లారేసరికి పాత లోకం పోయింది. ఆ తర్వాత ఓ.ఎన్.జి.సి. వాళ్లు కృష్ణా గోదావరి లోయలో చమురు కోసం తవ్విన లోతు బావుల మట్టిని కూడా పరీక్షించి, లావా పొరల మధ్యనే గవ్వల రకాలు తరిగిపోయాయన్నారు. చమురు కోసం తవ్వితే చరిత్ర బయటపడింది.

అవతలి పక్షం ఊరుకోలేదు. 2010లో 41 మంది శాస్త్రజ్ఞులు కలిసి రాయే హంతకుడని తీర్పు రాశారు. 2019లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు దక్కను లావా వయసు కట్టాయి. ఎక్కువ భాగం రాయి పడ్డాక పొంగిందని ఒకరు, పడబోయే ముందే పెద్ద పొంగు వచ్చిందని మరొకరు! నా మటుకు చివరి దెబ్బ రాయిదే అనిపిస్తుంది. ఆ ఇరిడియం పొర భూమి నలుమూలలా ఉంది మరి. కాని జ్వరంతో మూలుగుతున్న మనిషి నెత్తిన బండ పడితే, జ్వరం సంగతి విచారించవద్దనడం ఏం న్యాయం?

"అయితే సామీ, అట్లాంటి రాయి మళ్లీ పడితేనో?" అని మా పక్కింటాయన అడిగాడు. అంతటిది కోట్ల సంవత్సరాలకొకటి. చిన్నవి వస్తూనే ఉంటాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి గాలిలోనే పేలి, పగిలిన కిటికీ అద్దాలవల్లనే వందలాది మంది గాయపడ్డారు. 2022 సెప్టెంబరులో నాసా వాళ్లు డార్ట్ అనే నౌకతో డైమార్ఫస్ అనే బుల్లి శకలాన్ని గుద్ది, దాని ప్రదక్షిణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించారు. ముందుగా కనిపెడితే పక్కకు నెట్టవచ్చునన్నమాట. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే శకలం సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తున మనల్ని దాటిపోతుంది. తగలదని లెక్క తేల్చేశారు. పక్కింటాయన శాంతించాడు. లావా వస్తే ఎవరు ఏం గుద్దాలని మాత్రం ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆకాశం మీద ఇంత కాపలా ఉంది, సరే. రాజమండ్రి సాక్షి మాత్రం క్రషర్ల పాలవుతున్నాడు. నల్లరాయి గట్టిది, రోడ్లకు కావాలి, కాదనను. క్వారీ తవ్వబట్టే ఆ మూడు పొరలు బయటపడ్డాయన్నదీ నిజమే. కాని తవ్వకం ఆ గోడ దగ్గర ఆగదు కదా! తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి కాపాడుతున్నారు. దుద్దుకూరు, గౌరీపట్నాల్లో మూడు అంతస్తులూ కనబడే క్వారీ గోడను ఒక్క పది గజాలు అలాగే వదిలి, కంచె వేసి, తెలుగులో ఒక బోర్డు పెడితే చాలు.