పాత జీపు, కొత్త యంత్రము



వ్యాకరణము చెప్పి బ్రదికినవానికి మోటారుబండితో పని యేమని మీరడుగవచ్చును. జీర్ణోద్ధారణమను మాట మనకు దేవాలయముల వలన పరిచితము. పాతదానిని నిలుపవలెనన్న నందు దేనిని మార్చవచ్చును, దేనిని మార్చరాదు అను చర్చ శిల్పులలో నేటిది గాదు. ఆ చర్చయే యిప్పుడు మన యూళ్లలో చింతచెట్ల క్రింద త్రుప్పుపట్టుచున్న జీపులకును వచ్చినది. పెట్రోలు యంత్రము దించి డీజిలు యంత్రము నెక్కించిన జీపు పాతజీపే యగునా?

ముందుగా బండి పుట్టుక చెప్పెదను. 1940లో అమెరికా సైన్యమువారు నాలుగు చక్రములకును శక్తి యందు తేలికబండి కావలెనని, నమూనాను 49 దినములలో తేవలెనని కోరిరి. పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు పట్టణమందలి బాంటమ్ అను చిన్న సంస్థ, కార్ల్ ప్రోబ్‌స్ట్ అను నిపుణునిచే పటములు వ్రాయించి, 1940 సెప్టెంబరు 23వ తేదీన బండిని వారి యెదుట నిలిపెను. కాని యంత చిన్నసంస్థ లక్షలకొలది బండ్లు చేయజాలదని సైన్యమువారు పనిలో నధికభాగమును విల్లీస్, ఫోర్డు సంస్థల కిచ్చిరి. యుద్ధము ముగియునప్పటికి ఆ రెండు సంస్థలును సుమారు 6,40,000 బండ్లు చేసినవి. శ్రమ యొకరిది, పేరొకరిది. చరిత్రలో నిట్టివి మీరెన్నియో విని యుందురు.

మనదేశమున దీనిని నిలిపినవారు మహీంద్రా సోదరులు. 1945లో లూధియానాలో వారు గులాం మహమ్మదుతో గూడి ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ అను సంస్థను స్థాపించిరి. దేశవిభజనము జరిగెను. మహమ్మదు పాకిస్థానునకు మొదటి ఆర్థికమంత్రియై, 1951లో గవర్నరు జనరలు గూడ నయ్యెను. ఇక్కడి సంస్థ 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’ యయ్యెను. ఈ సంస్థవారు విల్లీస్ జీపుల భాగములను తెప్పించి కూర్చుటతో మొదలిడి, క్రమముగా నిక్కడనే చేయసాగిరి. 1953లో విల్లీస్‌వారు ఎత్తైన యంత్రము పట్టుటకై ముందుమూతను పెంచి సీజే-3బి యను రకమును తెచ్చిరి. మీరు తహసీలుదారుల వెనుకను, ఎన్నికల యధికారుల వెనుకను చూచిన పెద్దమూత జీపు అదియే. దానిలోనిది పెట్రోలు యంత్రము.

1973లో ప్రపంచమున ముడినూనె ధర నెలల వ్యవధిలో నాలుగింతలయ్యెను. మనదేశమున పెట్రోలు ధర పెరిగినను ప్రభుత్వమువారు డీజిలును చౌకగా నుంచిరి. సర్కారు ఖర్చుతో తిరుగు జీపునకు చింత లేదు. వేలములో దానిని కొన్న రైతునకు వచ్చినది చిక్కు. ట్రాక్టరు త్రాగు నూనెయే జీపును త్రాగిన బాగుండునని యాతడు తలచుట సహజము. కంపెనీవారును ఫ్రాన్సుదేశపు ప్యూజో నమూనాననుసరించిన 2112 ఘన సెంటీమీటర్ల డీజిలు యంత్రమును జీపులకమర్చిరి. అటుపిమ్మట ఊరూరి మిస్త్రీలు పాతజీపులకు డీజిలు యంత్రముల నెక్కింపసాగిరి.

ఈ డీజిలు అనునది మనుష్యుని పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జన్మించిన జర్మనీవాడు. 1897లో ఆగ్స్‌బర్గులో నాతని యంత్రము పరీక్షలో నెగ్గెను. 1900లో పారిస్ ప్రదర్శనమునందు అట్టి యంత్రమొకటి వేరుసెనగనూనెతో నడచెనని యాతడే చెప్పెను. సెనగ పండించు మన రైతులకు ఈ సంగతి తెలిసియుండుట మంచిది! పెట్రోలు యంత్రమున గాలియు నూనెయు ముందుగా గలసి, నిప్పురవ్వచే మండును. డీజిలు యంత్రమున గాలిని మాత్రమే పదునారు మొదలు ఇరువదిరెండింతల వరకు అదుమగా, ఆ వేడికే చిమ్మిన నూనె మండును. అంతటి యదుమును తట్టుకొనుటకు యంత్రము దళసరిగా నుండవలెను, కావున బరువెక్కువ.

మార్పిడిలోని కష్టమంతయు నిక్కడనే. ముందటి కమానులు క్రుంగును, పట్టీలు చేర్పవలెను. గేరుపెట్టెకును క్రొత్తయంత్రమునకును రంధ్రములు కలియవు; నడుమ నొక ఇనుపపలకను లేతుమీద చేయించి కూర్పవలెను. వెంట్రుకవాసి వంకర యున్నను క్లచ్చి నిలువదు. నూనెతొట్టి నడుపువాని పీఠము క్రిందనుండును. అందలి త్రుప్పు పెట్రోలునకంతగా బాధింపకున్నను, డీజిలు చిమ్ము సన్నని రంధ్రములను పూడ్చివేయును. తొట్టిని కడిగించక యంత్రమును తిట్టువారిని నేను చూచితిని.

నాయొద్ద చదివిన యొకనికి తండ్రినుండి యిట్టి సీజే-3బి వచ్చినది. తండ్రి 1980 తరువాత దానికి డీజిలు వేయించెను. వర్షాకాలమున వాగు దాటి పురుటాండ్రను పట్టణపు టాసుపత్రికి చేర్చినది ఆ డీజిలు జీపే. 2021లో ప్రభుత్వమువారు 50 యేండ్లు దాటి, చట్రమునగాని యంత్రమునగాని మార్పు లేని బండ్లకు ‘వీఏ’ అను అక్షరములతో ప్రత్యేకసంఖ్య నిచ్చు నియమము తెచ్చిరి. ఆ సంఖ్యకై డీజిలును పారవేసి మొదటి పెట్రోలు యంత్రమును మరల నెక్కింపవలెనని యాతని కుమారుడు పట్టుపట్టగా, తండ్రి నన్నడిగెను.

నియమమును నేను తప్పుపట్టను. ఏనాడును మార్పెరుగని బండి దొరకిన దానిని తాకకుండుటయే ధర్మము. అట్టిదానికి చౌకనూనె కొరకు యంత్రము మార్చువానిని నేను సమర్థింపను. 2014 అక్టోబరులో డీజిలు ధర నియంత్రణము గూడ తొలగినది గనుక ఆ సాకును బలహీనమైనది. కాని యీ జీపు సంగతి వేరు. మొదటి యంత్రము కర్మాగారపు చరిత్ర. రెండవది ఆ యూరి చరిత్ర. ఒకదానికై రెండవదానిని తుడిచివేయుట పునరుద్ధారణము కాదని నేను చెప్పితిని.

మనుమడు మూడుదినములు మాటలాడలేదు. పిమ్మట తానే మిస్త్రీ వద్ద కూర్చుండి డీజిలు యంత్రమును విప్పించి, రింగులు, బేరింగులు మార్పించెను. రిజిస్ట్రేషను పుస్తకమున యంత్రపుసంఖ్యయు నూనెరకమును సరిగా నున్నవో లేవో చూచుకొనెను. అనుమతి లేక యంత్రము మార్చుట చట్టవిరుద్ధము గనుక మీలో జీపు గలవారును ముందుగా చూచుకొనవలసినది యదియే. పశువుల కొట్టములో పడియున్న పెట్రోలు యంత్రమునకు గ్రీసు పూసి, దిమ్మెలపై నెత్తి, గోనె కప్పినాడు. సంఖ్య గల భాగమును మాత్రము కప్పలేదు.