చీముకీ ఒక ధర ఉంది

ఈ వ్యాసం రాయటానికి కారణం రెండు ఆస్పత్రి బిల్లులు. నేనుండేది ఢిల్లీలో, ఐఐటీకీ జేఎన్‌యూకీ మధ్యనున్న కటవారియా సరాయ్‌లో. పోటీ పరీక్షలకి చదివే తెలుగు పిల్లలు ఈ సందుల్లో చాలామందే ఉంటారు. వాళ్ళలో ఒకబ్బాయి తండ్రి రిటైరైన మాష్టారు. నడుముకి రెండు ఆపరేషన్లు అయినా కాలిలోకి లాగే నొప్పి తగ్గలేదు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో వెన్నుకి నొప్పి తగ్గించే కరెంటు యంత్రం పెట్టించుకున్నారు. నెల తిరక్కుండానే అక్కడ చీము పట్టింది. యంత్రం తీసేశారు. మొదటి బిల్లు పెట్టినందుకు, రెండో బిల్లు తీసినందుకు!

"మాష్టారూ, ఇన్‌ఫెక్షన్ ఎంతమందికి వస్తుందో ముందు చెప్పారా?" అని అడిగాను.

"లేదు బాబూ. చెప్తే మాత్రం ఏం చేస్తాం? మన ఖర్మ" అన్నారు.

నా పేచీ ఆ మాటతోనే. నూటికి ఇంతమందికి వస్తుందని ముందే తెలిసినదాన్ని ఖర్మ అనటానికి వీల్లేదు. అది ఖర్చు. కాకపోతే దాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నారన్నదే ప్రశ్న.

ముందు యంత్రం సంగతి చూద్దాం. నొప్పిని కరెంటుతో అణచాలన్న ఆలోచన పాతదే. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికీ, గౌట్ నొప్పికీ షాక్ కొట్టే టార్పిడో చేపని వాడమన్నాడు. ఆ చేప ఒంటి బయటే ఉంటుంది కాబట్టి చీము భయం లేదు! 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు కొత్త సిద్ధాంతం చెప్పారు. నొప్పి కబురు మెదడుకి చేరకముందే వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందనీ, స్పర్శని మోసే నరాల్ని ప్రేరేపిస్తే ఆ గేటు మూసుకుంటుందనీ వాళ్ళ వాదన. దాని ఆధారంగా 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ ఒక కేన్సర్ రోగి వెన్నులో మొదటి పరికరం అమర్చాడు. ఈ షీలీయే తర్వాత కాలంలో అతీంద్రియ శక్తితో రోగం చెప్తానన్న ఒకావిడతో కలిసి పుస్తకం రాశాడు. అంతమాత్రాన యంత్రం పనికిమాలినదైపోదు. ఆయన డాక్టరైనంత మాత్రాన గొప్పదీ అయిపోదు. తేల్చవలసింది పరీక్షలే.

ఇప్పుడు వాడే యంత్రంలో రెండు భాగాలు. అగ్గిపెట్టంత బ్యాటరీ పెట్టె నడుము కిందో, పొట్ట మీదో చర్మం అడుగున ఉంటుంది. దాన్నుంచి సన్నటి తీగలు వెన్నుపాము పొర బయటిదాకా వెళ్తాయి. ఇన్‌ఫెక్షన్ లోతుకి పాకితే ఉత్త మందులతో సరిపోదు. సాధారణంగా మొత్తం పీకెయ్యాలి. వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడాలి. నెలలు ఆగి, ఓపికా డబ్బూ మిగిలితే మళ్ళీ పెట్టించుకోవాలి. చీము వెన్నుపాము దగ్గరికి చేరితే కాళ్ళు పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

అసలు యంత్రం పెడితే చీము ఎందుకు పడుతుంది? దీనికి 1957లోనే సమాధానం దొరికింది. ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల చర్మం మీదే ప్రయోగం చేశారు. ఉత్త చర్మంలో చీము పట్టించటానికి పది లక్షలకి పైగా స్టెఫలోకాకస్ క్రిములు కావలసి వచ్చాయి. అదే చోట ఒక పట్టుదారం కుట్టు వేస్తే, వంద క్రిములు చాలాయి! ఒక్క దారప్పోగుతో శరీరం రక్షణ పదివేల రెట్లు పడిపోయింది. ఇక ఒక పెట్టె, రెండు తీగలు పెడితే? ఆ నున్నటి గోడల మీద క్రిములు జిగురు పొర కట్టుకుని కూచుంటాయని 1978లో కాస్టర్టన్, ఆయన సహచరులు వివరించారు. ఆ పొరలోకి మందు సరిగ్గా చేరదు. యంత్రం తియ్యక తప్పదనటానికి కారణం ఇదే.

కారణం తెలిస్తే తగ్గించటం కుదురుతుందా? కుదురుతుందని చరిత్రే చెప్తోంది. 1877లో జోసెఫ్ లిస్టర్ విరిగిన మోకాలిచిప్పని తెరిచి వెండి తీగతో కట్టాడు. బాగున్న కీలుని కత్తితో తెరవటం అప్పట్లో నేరంతో సమానం. క్రిముల్ని చంపే పద్ధతి పాటించాడు గనక ఆ రోగి బతికి బాగుపడ్డాడు. 1960ల్లో ఇంగ్లండులో తుంటి కీళ్ళు మార్చిన జాన్ చార్న్‌లీకి మొదట్లో నూటికి ఏడుగురి దాకా ఇన్‌ఫెక్షన్ వచ్చేది. ఆయన ఖర్మ అనుకోలేదు, లెక్క రాసుకున్నాడు. ఆపరేషన్ బల్ల చుట్టూ శుద్ధిచేసిన గాలి వచ్చే గది కట్టాడు, దుస్తులు మార్చాడు. పదేళ్ళలో అది ఒక శాతం లోపుకి దిగింది.

ఈ కథలో మన తెలుగాయన వాటా కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనల డైరెక్టర్‌గా ఉండగా, అక్కడ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అదే పెద్దకొడుకు. సుబ్బారావు గారు ఆ ఏడాదే చనిపోయారు. తర్వాత అదే లెడర్లీలో ఆ కుటుంబం నుంచి మినోసైక్లిన్ వచ్చింది. ఇప్పుడు గుండె పరికరాలకి తొడిగే ఒక వల సంచీలో వాడేది ఈ మినోసైక్లిన్, రిఫాంపిన్ మందులే. 2019లో దాదాపు ఏడు వేలమంది మీద జరిగిన పరీక్షలో, ఏడాది లోపు పెద్ద ఇన్‌ఫెక్షన్లు 1.2 శాతం నుంచి 0.7 శాతానికి తగ్గాయి. అంటే రెండు వందలమందికి సంచీ తొడిగితే ఒకరికి చీము తప్పింది.

ఇక డబ్బు విషయానికొద్దాం. వెన్ను యంత్రాలు పెట్టించుకున్న ఆరువేల పైచిలుకు అమెరికన్ల బీమా లెక్కల్ని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. ఏడాది లోపు ఇన్‌ఫెక్షన్ వచ్చింది సుమారు 3 శాతానికి. అలా వచ్చినవాళ్ళకి, రానివాళ్ళ కంటే అదనంగా అయిన ఖర్చు తలకి దాదాపు 60 వేల డాలర్లు!

మన రూపాయల్లో ఒక ఊహా లెక్క వేద్దాం. చీము పడితే యంత్రం తియ్యటం, మందులు, మళ్ళీ పెట్టటం అన్నీ కలిసి పది లక్షలు అనుకోండి. వందమందిలో ముగ్గురికి వస్తే మొత్తం ముప్ఫై లక్షలు. వందమందికీ పంచితే తలా ముప్ఫై వేలు. ఇది మోయలేని బరువేమీ కాదు. పంచకపోతే? తొంభై ఏడుగురికి సున్నా, మూడు కుటుంబాలకి పది లక్షల చొప్పున అప్పు. ఆ ముగ్గురినీ మనం ఖర్మ అని ఓదారుస్తున్నాం.

అందుకే నా వాదన ఇది. ఇన్‌ఫెక్షన్ ఖర్చు యంత్రం ధరలోనే కలిసి ఉండాలి. ఏడాది లోపు చీము పడితే తియ్యటం, మళ్ళీ పెట్టటం ఆస్పత్రి, కంపెనీ భరించాలి. అప్పుడు చీము వల్ల నష్టం వాళ్ళకి కూడా వస్తుంది, చార్న్‌లీ లాగా లెక్క రాయటం మొదలవుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో రెండో ఆపరేషన్ ఇంకో బిల్లు, అంతే. డాక్టర్లందరూ దుర్మార్గులని నేననటం లేదు. శ్రద్ధగా పనిచేసేవాళ్ళకి ఈ పద్ధతిలో ప్రతిఫలం లేదంటున్నాను.

అప్పుడు ఇన్‌ఫెక్షన్ భయంతో యంత్రం ధర పెంచేస్తారు కదా అని కొందరనవచ్చు. పెంచనివ్వండి. అసలు ధర బయటపడితే, ఆ డబ్బుకి తగిన మేలు ఉందా అని అడగగలుగుతాం. మేలు సంగతి కూడా అంత తేలికగా తేలలేదు. 2007లో వచ్చిన ఒక పరీక్షలో, ఆపరేషన్ తర్వాత కూడా కాలినొప్పి మిగిలినవాళ్ళలో యంత్రం పెట్టిన 48 శాతానికి నొప్పి సగానికి తగ్గింది. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళలో అది 9 శాతమే. కానీ యంత్రం ఎవరికుందో అందరికీ తెలుసు, నమ్మకం ప్రభావాన్ని విడదియ్యలేదు. 2022లో నార్వేలో యాభైమందికి యంత్రం పెట్టి, అది ఎప్పుడు పనిచేస్తోందో ఎప్పుడు ఆగిందో తెలియనివ్వకుండా చూస్తే, రోజువారీ ఇబ్బందిలో తేడా కనపడలేదు. 2023 నాటి కాక్రేన్ సమీక్ష కూడా, దీర్ఘకాలిక నడుంనొప్పికి ఖర్చునీ ప్రమాదాన్నీ మించిన మేలు బహుశా లేదనే చెప్పింది. మేలు అనుమానంగా ఉన్నచోట నూటికి మూడు చిన్న సంఖ్య కాదు.

కాబట్టి మీవాళ్ళెవరికైనా ఇలాంటి యంత్రం పెడతామంటే, సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలడగండి. ఈ ఆస్పత్రిలో గత ఏడాది ఎంతమందికి పెట్టారు, ఎంతమందికి తియ్యాల్సి వచ్చింది? షుగరు, పొగతాగుడు అదుపులోకి వచ్చేదాకా ఆగుదామా? ముక్కులో స్టెఫలోకాకస్ ఉందేమో పరీక్ష చేస్తారా? చీము పడితే డబ్బు ఎవరిస్తారు? జవాబు కాగితం మీద తీసుకోండి.

చీము పడితే ఊరుకోవద్దు. వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చెయ్యటానికి 2015లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. దాని కేంద్రం మా పక్కనే ఘాజియాబాద్‌లో, ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో. రోగులు కూడా ఫిర్యాదు పంపవచ్చు. ఫిర్యాదు అందని చీము ఏ లెక్కలోకీ రాదు, లెక్కలోకి రానిదాన్ని ఎవరూ తగ్గించరు.