ఇవాళ ఏం నాటకం?

తెలుగు నాటకం ప్రస్తావన వస్తే మనం ఆడినవాళ్ల చరిత్రే చెప్పుకుంటాం. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించడం, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ నడపడం, 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రంగమెక్కడం, ఆపైన బళ్లారి రాఘవ, స్థానం నరసింహారావు. ఈ వరస చాలామందికి తెలుసు. చూసినవాళ్ల చరిత్ర జోలికి మాత్రం అంతగా వెళ్లం. నాటకానికి పదే పదే వెళ్లే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు పోయింది? నాకు తోచినంతవరకు ఆ అలవాటు జనంలో దానంతటది పుట్టింది కాదు. నాటక సమాజాలు ఒక పద్ధతి ప్రకారం దాన్ని పెంచాయి. ఆ పద్ధతి చెడ్డాకనే కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఇది నిజమైతే, పోయిన ఆనందాన్ని తిరిగి తెచ్చుకునే దారి కూడా ఆ పద్ధతిలోనే ఉండాలి.

సురభి చరిత్ర చూడండి. తోలుబొమ్మలాట కుటుంబాల నుంచి వచ్చిన వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజం శాఖోపశాఖలుగా చీలి ఊరూరా తిరిగింది. ఒక ఊళ్లో దిగితే ఒక్క ఆట ఆడి మూటాముల్లె సర్దుకుని పోయేవాళ్లు కారు. డేరా వేసి, వంటావార్పూ కాపురమూ అక్కడే పెట్టుకుని నెలల తరబడి మకాం చేసేవాళ్లు. ఈ రాత్రి మాయాబజార్, రేపు బాలనాగమ్మ, ఎల్లుండి లవకుశ. తెరలు, తీగలు, దుస్తులు, హార్మోనియం అన్నీ సొంతం. వేషాలు కట్టేవాళ్లు ఇంటిమనుషులే. అందుకే రోజుకో నాటకం మార్చడం వాళ్లకు సాధ్యమైంది. పొద్దుగూకితే ఊరివాళ్లు అడిగేది ఇవాళ ఏం నాటకమనే. నిన్న ద్రౌపదిగా ఏడ్పించిన నటి ఇవాళ ‘బాలనాగమ్మ’లో సంగుగా వచ్చి నిలబడితే, ఆ రెండు వేషాల మధ్య దూరాన్ని కొలిచి ఆనందించగలిగేది రెండు రాత్రులూ వచ్చినవాడే. చిన్నికృష్ణుడి వేషం వేసిన పిల్లవాడు కొన్నేళ్లకు కంసుడై ఊళ్లోకి మళ్లీ రావడంలో ఉన్న ముచ్చట కూడా అలాంటిదే. ఎప్పుడో ఒకసారి నాటకం చూసేవాడికి కథా సెట్టింగులూ దక్కుతాయి. ఈ రుచి దక్కదు.

పద్యనాటకం ఈ సంగతిని ఇంకోవైపు నుంచి రుజువు చేస్తుంది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం ఫలించదని తెలియని ప్రేక్షకుడు లేడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్రుడు కాటికి చేరతాడనీ అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చున్నారు. కాంట్రాక్టు నాటకాల కాలంలో కాంట్రాక్టరు పేరున్న నటుల్ని నాలుగు ఊళ్ల నుంచి రప్పించి ఒకే రాత్రి ఒకే రంగస్థలం మీద నిలబెట్టేవాడు. ఒక్క నాటకంలోనే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉండేవాళ్లు. ఈ ఏర్పాటు నటనకు చేటు చేసిందన్నది నిజం; రిహార్సల్సు లేక, రాగాలాపనే నాటకమైపోయింది. కానీ అది ఎలాంటి ప్రేక్షకుణ్ణి నమ్ముకుని సాగిందో గమనించాలి. ఆ నటుల్లో పీసపాటి పద్యం ఎలా ఎత్తుకుంటాడో, షణ్ముఖి ఎక్కడ విరుస్తాడో, రఘురామయ్య గొంతు ఎలా పలుకుతుందో పోల్చి చూడగల మనిషి దానికి కావాలి. ‘వన్స్‌మోర్’ అనడానికి ముందు ఎన్నోసార్లు విని ఉండాలి. గ్రామఫోను రికార్డులు వచ్చి ఇంట్లోనే పద్యం వినే వీలు కలిగాక కూడా జనం పందిళ్లకు రావడం మానలేదు. రికార్డులో విన్న గొంతుకు ఎదురుగా కూర్చోవాలన్న కోరికే పెరిగింది.

మరి సినిమా నాటకాన్ని చంపలేదా అని ఎవరైనా అడుగుతారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. సురభి కమలాబాయితో సహా అందులో చాలామంది సురభివాళ్లే. అంటే సినిమా మొదటి అడుగే నాటకాల డేరాలోంచి పడింది. అయితే సురభి శాఖల్లో ఒకటైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి పుట్టింది 1937లో, టాకీ వచ్చిన అయిదేళ్లకు. ప్రజానాట్యమండలి 1943లో వచ్చింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ని 1947లో దాని దళాలెన్నో ఊళ్లకు ఊళ్లు తిప్పాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తేగాని ఆగలేదు. ఒక్క దెబ్బకు చచ్చిపోయిన కళ ఇన్నేళ్ల తరవాత ప్రభుత్వాన్ని భయపెట్టగలదా? ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగరడాన్ని వెండితెర మీద చూసినవాళ్లే సురభి తీగల మీద అవి ఎగురుతుంటే చూడ్డానికి మళ్లీ వచ్చారు. సినిమా నిజంగా లాక్కున్నది నాటకాల పద్ధతిని. రోజూ ఆట, తెలిసిన వేళ, తెలిసిన హాలు, మారుతుండే బొమ్మ, పేదవాడికి అందే టికెట్టు. ఇవన్నీ ఒకప్పుడు నాటకాలవే.

వాటికి బదులు నాటకానికి మిగిలింది పరిషత్తు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ దారిలో ఎన్నో ఊళ్లలో పోటీలు వచ్చాయి, 1998 నుంచి నంది నాటకోత్సవాలూ జరిగాయి. వీటి మేలు తక్కువది కాదు. సాంఘిక నాటికకు కొత్త రచయితలనూ నటులనూ ఇచ్చింది ఇవే. కానీ పోటీలో ముందు వరసలో కూర్చునేది న్యాయనిర్ణేత. ప్రవేశం ఉచితం, పండుగ మూడు నాలుగు రోజులు, మళ్లీ ఏడాదికి. బహుమతి తెచ్చుకున్న సమాజం ఇంకో ఊరి పోటీకి వెళ్తుంది. ఒక ఊరివాడు ఒకే సమాజం ఆడిన నాలుగు నాటకాలు ఒక నెలలో చూసే అవకాశం ఈ ఏర్పాటులో లేదు. టికెట్టు పెడితే ఎవరొస్తారని అడిగేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోవాలి: సురభి కుటుంబాలు తరాల తరబడి బతికింది ఎక్కువగా బీదా బిక్కీ కొన్న టికెట్ల మీదనే.

పాతకాలాన్ని మరీ పొగుడుతున్నారనే అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఆనాటి రంగస్థలం మీద చాలాచోట్ల స్త్రీ పాత్రలు మగవాళ్లే వేశారు. కొన్ని నాటకాలు కులాలను కించపరిచాయి. ‘చింతామణి’ ప్రదర్శనను 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించేదాకా ఆ వివాదం నడిచింది. దీన్ని కాదనలేం. కానీ అలవాటు పడిన ప్రేక్షకుడు మార్పుకు అడ్డమన్నది సరికాదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించే సంప్రదాయాన్ని నిలబెట్టింది ఊరి జనం రోజూ చూసిన సురభే. 1990లలో దర్శకుడు బి.వి.కారంత్ వచ్చి బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా చేయించింది కూడా ఆ కుటుంబాలతోనే. రోజూ రంగస్థలం మీద ఉండే సమాజానికే అంత ధైర్యం వస్తుంది.

మన పెద్ద ఊళ్లలో ఇప్పుడు హాళ్లకు కొదవ లేదు. హైదరాబాద్ రవీంద్రభారతి 1961 నుంచీ ఉంది, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. వాటిని రోజు లెక్కన అద్దెకిస్తున్నాం. అలా కాకుండా ఒక్కో హాలును ఒక్కో సమాజానికి కనీసం ఏడాదిపాటు వారానికో రోజు ఇచ్చి, అదే రోజు, అదే వేళ, చిన్న టికెట్టుతో, నాటకం మారుస్తూ ఆడనివ్వాలి. మొదటి నెలల్లో వచ్చేవాళ్లు తక్కువే ఉంటారు, నష్టమూ వస్తుంది. పోటీల బహుమతులకు పెట్టే డబ్బులో కొంత ఆ నష్టానికి కేటాయించడం న్యాయం.