వాదీ హనీఫా: ఏటి ఇసుకలో ఇంకిన బాట

నజ్దు పీఠభూమిమీద, రియాదు నగరమునకు పడమటగా దాదాపు 120 కిలోమీటర్లు సాగు వాదీ హనీఫా, సంవత్సరములో అధికభాగము ఎండియుండు ఏరే అయినను, ఆ సీమకు శతాబ్దములపాటు అన్నోదకముల నిచ్చినది. సాలున నూరు మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన చోట, అరుదుగా వచ్చిన వరద ఏటిగర్భమందలి ఇసుకలోనికిని గులకరాళ్ళలోనికిని ఇంకి బావులలో ఊటయై చేరగా, ఒంటెలను, ఎద్దులను, గాడిదలను పల్లపుబాట వెంట దింపుచు తోలుబొక్కెనలతో ఆ నీరు తోడి (మన మోటబావి నెరిగినవారికి ఆ దృశ్యము క్రొత్త కాదు) ఆ ఏటి ఒడ్డునున్న దిరియా, రియాదు కర్షకులు ఖర్జూరవనములను పోషించిరి.

1902లో సౌదీ రాజ్యస్థాపకుడు అబ్దుల్ అజీజు స్వాధీనపరచుకొన్ననాటికి రియాదు మట్టికోటగోడల లోపల ఇమిడిన చిన్న పట్టణము. చమురుసంపద వచ్చిన పిమ్మట గోడలు తొలగి, నలుదిక్కుల తారురోడ్లు పరచుకొనగా, హనీఫాలో కలియు బత్హా వాగు సయితము పెద్దవీధి క్రింద కాలువయై అణగిపోయెను. శుక్రవారమునాడు మన కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల శ్రామికులు కలిసికొని ఊరి కబురులు చెప్పుకొను బత్హా బజారు ఒకనాటి వాగుదారియే.

తారు నీటిని పీల్చదు. తనపై పడిన సమస్తమును పట్టియుంచి, వాన రాగానే పల్లమునకు తోయును. టైర్ల అరుగుదలవలన రాలిన జింకు, బ్రేకుల పొడిలోని రాగి, ఇంజనులనుండి కారిన నూనె, 2001లో సీసరహిత పెట్రోలు వచ్చువరకు పొగగొట్టములు వెడలగ్రక్కిన సీసము, ఇవన్నియు నెలలతరబడి ఎండలో పేరుకొని, తొలివాన మొదటి గడియలోనే నల్లని జలమై వాదిలోనికి దిగును. లోహములలో హెచ్చుభాగము సున్నపుపాలు గల పైమట్టినే అంటుకొనును. కరగియున్న కొంత గులకల సందులవెంట భూగర్భజలమును చేరును. ఏ గుణముచేత ఆ ఇసుక పూర్వులకు నీరు దాచిపెట్టెనో, ఆ గుణముచేతనే నేడు మాలిన్యమును దాచుచున్నది.

వాదీ దుర్గతికి రోడ్లే ప్రధానకారణమనుట న్యాయము కాదు. మురుగునీరు, పరిశ్రమల వ్యర్థములు, రాతిగనుల గోతులు, కట్టడపు శిథిలముల గుట్టలు అంతకన్న పెద్ద అపకారము చేసినవి. అయితే అవి కంటికి కనబడినవి, ముక్కుకు సోకినవి. రోడ్డునుండి జారిన విషము అట్టిది కాదు. దానికి తోడు 1980ల దశకములో పారసీక సింధుశాఖ తీరమందలి జుబైలునుండి ఉప్పు తీసిన సముద్రజలము 400 కిలోమీటర్లకు పైగా గొట్టములలో ప్రయాణించి నగరమునకు చేరెను. ఏటిబావుల నీరు త్రాగుట మానిన జనులకు వాటిలోనికి తొంగిచూచు పనియు తప్పెను. అసలు హాని ఆ చూపు తప్పినచోటనే ముదిరినదని నా నమ్మకము.

2001 పిమ్మట రియాదు అభివృద్ధి సంస్థ శిథిలములను తొలగించి, ఏటిని దాని నడకకు తెచ్చి, సూక్ష్మజీవులచే నీటిని శుభ్రపరచు మడుగులను నిర్మించెను. 2010లో ఆ కృషికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారము లభించుట సముచితమే. కాని సూక్ష్మజీవి మురుగును జీర్ణించుకొనును గాని సీసమును, జింకును జీర్ణించుకొనజాలదు. వాదిలో ఖర్జూరపు తోటలు నేటికిని ఉన్నవి గనుక, తొలివాన నీటిని ఏటిలో కలియకమునుపే గుంటలలో నిలిపి, అడుగున చేరిన మట్టిని ఎప్పటికప్పుడు ఎత్తివేయు ఏర్పాటు ప్రతి పెద్దరోడ్డు ప్రక్కనను జరుగవలసియున్నది.