నగరమున పూటకూడు

మహానగరమున క్రొత్తగా కాలుపెట్టిన పరదేశికి ప్రొద్దెక్కినకొలది ఒక్కటే చింత మిగులును: ఈ పూట అన్నమెచ్చట దొరకును? దొరికినను అది తినదగినదేనా? మన చరిత్రకారులు రాజుల దండయాత్రలను, దేవాలయముల దానశాసనములను శ్రమించి సమకూర్చిరి. నడివీధిలో వెలయిచ్చి భోజనము చేసిన సామాన్యుని కథ మాత్రము మన కావ్యములలో, చాటువులలో, నాటకములలో తునుకలు తునుకలుగా నిలిచియున్నది. ఆ తునుకలను కూర్చి చూచినచో తెలుగువారి నగరజీవనము మారిన తీరు కొంత బోధపడును.

మొదట మాటను విచారింతము. కూడు అనగా అన్నము. కూళ్లు దాని బహువచనము. ఒక్క పూటకు వెల చెల్లించి తిను అన్నము పూటకూడు. అది పెట్టు ఇల్లు పూటకూటియిల్లు, లేక పూటకూళ్లయిల్లు. సత్రమునకును దీనికిని భేదము పెద్దది. సత్రమున అన్నము దానము. అది ఎవరికి పెట్టవలెనో దాత నిర్ణయించును. బ్రాహ్మణులకు మాత్రమే అన్నము పెట్టిన సత్రములు మన దేశమున అనేకము. పూటకూటియింట తినువాడు వెలయిచ్చును గనుక ఎవరి దయకును కనిపెట్టుకొని యుండనక్కరలేదు. అయినను అన్నమును విక్రయించుట దోషమని మన పెద్దల భావన. కావున ఈ వృత్తి నగరమునకు ఎంత అవసరమో లోకమున అంత చులకన యయ్యెను. ఈ చిక్కుముడి మన కథ పొడవునను కనబడును.

మనకు లభించిన తునుకలలో మిక్కిలి రుచికరమైనది క్రీడాభిరామములోనిది. ఇది వినుకొండ వల్లభరాయని పేరిట వెలసినది. శ్రీనాథుడే దీనిని రచించెనని వాదించినవారును గలరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఒక దినమంతయు కాకతీయుల ఓరుగంటి వీధులలో తిరుగుదురు. కోడిపందెములను, పొట్టేళ్ల పోరును చూతురు. పల్నాటి వీరుల కథాగానమును విందురు. రాజధాని యెట్లుండెనో రాజులను విడిచి జనులను చూపి చెప్పిన గ్రంథమిది.

అందు లక్ష్మణవజ్ఝల యను వాని పూటకూటియింటి భోజనమును కవి ఒక్క పద్యమున వర్ణించెను. కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన వంటకము, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డలు గడ్డలుగా పేరుకొన్న క్రొత్త పెరుగు. ఇంతయు ఒక్క రూకకు. రూక యనునది ఆనాటి నాణెము.

ఈ పద్యమును వంటయింటి కన్నుతో చదివిచూతము. కవి ఉత్త అన్నమనక బియ్యమునకు పేరు పెట్టి చెప్పినాడు. ఏ బియ్యము వండిరో అడిగి తెలిసికొను అలవాటు ఆనాటి భోక్తకు ఉన్నదన్నమాట. గోధుమ తెలుగునాట దినదినము తిను ధాన్యము కాదు గనుక గోధుమవంటకము నగరపు విశేషము. పంచదార బెల్లమువలె చౌక కాదు. అందుకే దానిని గుప్పెడని కొలిచి చెప్పినాడు. నేయి క్రొత్తగా కాచినదనియు, పెరుగు క్రొత్తదనియు పనిగట్టుకొని చెప్పుటలో ఊరుగాని ఊరి బాటసారి శంక వినబడును. నిలువ నేయి, పులిసిన పెరుగు పెట్టు ఇండ్లును ఆ వీధులలో ఉండి యుండవలెను. ఇక ఆ నాలుగైదు నంజుళ్లలో మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా మనకు వచ్చినది; వాస్కోడగామా కళ్లికోటకు చేరినదే 1498లో. నేడు మిరప లేనిదే ముద్ద దిగని మనము, ఓరుగంటివారు మిరియము, అల్లము, ఆవాలతోనే నాలుకను సంతోషపెట్టిరని గుర్తింపవలెను.

పరదేశికి కావలసినవి మూడు: ఇంటి పేరు, వడ్డించు పదార్థములు, వెల. ఈ మూడును నాలుగు పాదములలో ఇమిడియున్నవి. తినువాని ఊరు, గోత్రము ఈ పద్యమున లేవు, రూక మాత్రమున్నది. 1323లో కాకతీయ రాజ్యము కూలినది. రాచనగరులు శిథిలమైనవి. ఆ పూటకూటియింటి పెరుగు మాత్రము ఇంకను పుల్లబడలేదు!

అన్ని నగరములును అట్టి ఆదరము చూపవు. శ్రీనాథునిదని ప్రసిద్ధమైన చాటువొకటి విజయనగరమున ఆయన పడిన పాట్లను చెప్పును. తనకు అలవాటు లేని కుళ్లాయి నెత్తిన పెట్టి, పొడవాటి అంగీ తొడిగి, వెల్లుల్లిని, నువ్వులపిండిని నమలి, చల్ల అంబలి త్రాగితినని కవి కన్నడరాజ్యలక్ష్మితో మొరపెట్టుకొనెను. ఆ అంబలిని వడ్డించినది ఒక 'విశ్వస్త'. ఈ మాటకు నిఘంటువులలో విధవ యని అర్థము. కవిసార్వభౌముని ఆకలిని తీర్చినది ఒక దిక్కులేని స్త్రీ చేయి.

ఈ చేయి మరల నాలుగైదువందల ఏండ్ల తరువాత గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో కనబడును. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో క్రొత్త రూపముతో వెలువడిన ఆ నాటకమున పూటకూళ్లమ్మకు సొంతపేరు లేదు, వృత్తియే పేరు. ఆమె విధవ. సరుకులు తెచ్చెదనని గిరీశము ఆమె సొమ్ము పట్టుకొనిపోయి మధురవాణికై ఖర్చుపెట్టును. చీపురుకట్టతో ఆమె వచ్చు ఘట్టమున మనమందరము నవ్వుదుము. నవ్విన పిమ్మట ఒక్క క్షణము ఆలోచింపవలెను. పుట్టినింట భాగము లేక, మెట్టినింట ఆదరువు లేక మిగిలిన స్త్రీకి ఆ కాలమున తెలిసిన విద్య వంట ఒక్కటే. ఆ విద్యను నమ్ముకొని, అరువుపెట్టి, మోసపోయి, లోకముచేత మాటపడి ఎందరో స్త్రీలు మన పట్టణములలో ప్లీడర్లకు, గుమాస్తాలకు, విద్యార్థులకు అన్నము పెట్టిరి. అన్నమును అమ్మెదరని వారిని చులకన చేసినవారే పూటపూటకు వారి విస్తరిముందు కూర్చుండిరి.

కలిగినవారి దారి వేరు. మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. గుడారములు, పరిజనము వెంటనుండగా ఆయనకు పూటకూటియింటితో పనిలేదు. ఆయన యాత్రాచరిత్రలో ప్రతి మజిలీకిని అంగళ్లున్నవా, నీళ్లున్నవా యనునదే విచారణ.

రైలు వచ్చినపిమ్మట పరిజనము లేనివాడును దూరప్రయాణము చేయసాగెను. మదరాసు సెంట్రల్ స్టేషను 1873లో వెలసినది. హైకోర్టు భవనము 1892లో పూర్తియైనది. ఉత్తర సర్కారులనుండియు, దత్తమండలమునుండియు దావాలకై వచ్చిన తెలుగువారు స్టేషనులో దిగి జార్జిటౌను సందులలో భోజనపు ఇంటికై వెదకుకొనిరి. కాఫీహోటళ్లు వెలసినవి, ఉడిపివారు వచ్చిరి. 1938లో కె. కృష్ణారావుగారు రాయపేటలో ఉడ్‌లాండ్స్ హోటలు స్థాపించిరి. పూటకూటియిల్లు హోటలయ్యెను, పీట బల్లయయ్యెను. కాని లోపల గోడ నిలిచియే యుండెను. బ్రాహ్మణులకు ఒక గది, ఇతరులకు ఒక గది. కొందరికి వాకిలియే లేదు. చేత డబ్బుండియు ఆకలితో వెనుదిరిగినవాని అవమానమును ఏ కవియు చాటువుగా చెప్పలేదు.

హైదరాబాదు కథ కొంత భిన్నము. అచ్చట ఇరానుదేశమునుండి బొంబాయి మీదుగా వచ్చినవారు ఇరువదవ శతాబ్దపు తొలిదశకములలో వీధిమూలలందు చాయ్‌ఖానాలు తెరచిరి. పాలరాతి బల్లయొద్ద రిక్షావాడును, ఉద్యోగియు, కవియు ఎదురెదురుగా కూర్చుండి ఒకేవిధపు కప్పులో చాయ్ త్రాగిరి. వారిని మీరెవరని అడుగు ఆచారము ఆ దుకాణదారునికి లేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమున, భోజనశాలలలో ప్రవేశమునకు కులము, మతము అడ్డురాకూడదని శాసించెను. పదునేడవ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. 1955లో అంటరానితనపు నేరముల చట్టము వచ్చెను. అయినను 1957లో మదరాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు పలకపైనున్న 'బ్రాహ్మణ' శబ్దమును తొలగింపజేయుటకు పెరియార్ ఇ. వి. రామస్వామిగారి నాయకత్వమున నెలల తరబడి ఆందోళన జరుగవలసివచ్చెను. చట్టము వాకిలిని తెరచినను, పంక్తిలో చోటు చేయవలసినది మనుష్యులే.

నేడు నగరమునకు వచ్చినవారికి భోజనశాలలకు కొదువలేదు. ఏది మంచిదని అడిగినచో ఓరుగంటి పద్యమే ఇప్పటికిని గీటురాయి. నేయి నేడు కాచినదా? పెరుగు నేటిదా? వెల ముందుగా తెలియునా? వీటికి మేము మరి రెండు చేర్చుచున్నాము. వండిన చేతికి తగిన కూలి, మర్యాద దొరకుచున్నవా? ప్రక్క బల్లయొద్ద ఎవరైనను నిస్సంకోచముగా కూర్చుండగలరా? ఈ ఐదింటికిని ఔనను ఉత్తరము వచ్చినచోట విస్తరి పరచుకొనవచ్చును. ఆ భోజనమునకు రూక యెక్కువైనను నష్టము లేదు.